మ్యూట్‌లో కూడా అర్థమవ్వాలి: వీడియోలకు క్యాప్షన్లు ఎందుకు తప్పనిసరి చేయాలి?

మీ టీవీ రిమోట్ మీద గానీ, ఫోన్‌లో వీడియో ప్లేయర్ కింద గానీ ‘సీసీ’ అనే చిన్న గుర్తు చూసే ఉంటారు. అది అక్కడికి ఎలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఏదో కంపెనీ ఇంజినీర్‌కి మంచి ఐడియా వచ్చి పెట్టాడు అనుకుంటే పొరపాటే. దాని వెనక ఒక చట్టం ఉంది. 1990లో అమెరికాలో టెలివిజన్ డీకోడర్ సర్క్యూట్రీ యాక్ట్ అని ఒకటి వచ్చింది. 1993 జులై 1 నుంచి ఆ దేశంలో అమ్మడానికి తయారుచేసే, దిగుమతి చేసుకునే టీవీల్లో స్క్రీన్ 13 అంగుళాలు, అంతకంటే పెద్దది అయితే, క్యాప్షన్లు చూపించే సర్క్యూట్ టీవీ లోపలే ఉండి తీరాలి. అదీ రూలు.

అంతకు ముందు వినిపించనివాళ్లు క్యాప్షన్లు చూడాలంటే విడిగా ఒక డీకోడర్ డబ్బా కొనుక్కుని టీవీకి తగిలించుకోవాల్సి వచ్చేది. చట్టం వచ్చాక ఆ డబ్బాతో పని లేకుండా పోయింది. అవసరం ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటి టీవీలోకీ క్యాప్షన్లు వచ్చేశాయి. ఈరోజు బస్సులో ఇయర్‌బడ్స్ లేకుండా వీడియో చూస్తున్నా, అర్ధరాత్రి ఇంట్లోవాళ్లు లేవకుండా సిరీస్ పూర్తి చేస్తున్నా మనకి పనికొస్తున్నది ఆ క్యాప్షన్లే.

నేను చెప్పదలుచుకున్నది సింపుల్. వైకల్యం ఉన్నవాళ్లకు వీడియోలు అందుబాటులోకి రావాలని చట్టం ‘తప్పనిసరి’ అని రాసిన చోట టీవీలు మారాయి, యాప్‌లు మారాయి. ‘వీలైనంత వరకు’ అని రాసి వదిలేసిన చోట పెద్దగా ఏమీ జరగలేదు. మన దేశంలో ఓటీటీల నిబంధన రెండో రకం. మన తెలుగు టెక్ వీడియోలకైతే అది కూడా లేదు. ఇది మారాలి. కాకపోతే ఆ బరువు ఎవరి మీద ఎంత పెట్టాలో కూడా తేల్చుకోవాలి.

ముందు నాలుగు మాటలు క్లియర్ చేసుకుందాం

చాలామంది సబ్‌టైటిల్స్, క్యాప్షన్లు ఒకటే అనుకుంటారు. సబ్‌టైటిల్స్ సాధారణంగా భాష రానివాళ్ల కోసం. మాటల్ని ఇంకో భాషలో రాస్తాయి, అంతే. క్యాప్షన్లు వినిపించనివాళ్ల కోసం. ఎవరు మాట్లాడుతున్నారు, వెనక తలుపు చప్పుడైందా, ఫోన్ మోగిందా, సంగీతం ఆగిపోయిందా అనేవన్నీ అందులో ఉండాలి. ఆన్, ఆఫ్ చేసుకునే వీలుంటే క్లోజ్డ్ క్యాప్షన్లు. వీడియో మీదే శాశ్వతంగా అచ్చయి ఉంటే ఓపెన్ క్యాప్షన్లు.

ఆడియో డిస్క్రిప్షన్ చూపు లేనివాళ్ల కోసం. డైలాగుల మధ్య ఖాళీలో ఒక గొంతు తెర మీద ఏం జరుగుతోందో చెబుతుంది. ‘అతను ఉత్తరం చించి కిటికీలోంచి పారేశాడు’ అన్నట్టు.

మూడోది సైన్ లాంగ్వేజ్. పుట్టుకతోనే వినికిడి లేని చాలామందికి మొదటి భాష తెలుగు కాదు, సంజ్ఞా భాషే. వాళ్లకు తెలుగు చదవడం అంటే రెండో భాష చదవడమే. అందుకే వార్తల్లో ఒక మూల సైన్ లాంగ్వేజ్ వ్యాఖ్యాత కనిపిస్తారు.

నాలుగోది మన టెక్ ఛానెళ్లకు బాగా అవసరమైనది. అదే మెరుపులు. వెబ్ యాక్సెసిబిలిటీకి ప్రపంచమంతా వాడే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో ఒక రూల్ ఉంది. సురక్షిత పరిమితిని దాటిన మెరుపులు ఒక సెకనులో మూడు కంటే ఎక్కువ ఉండకూడదు. ఎందుకంటే కొందరికి అవి మూర్ఛ తెప్పిస్తాయి. 1997 డిసెంబర్‌లో జపాన్‌లో ఒక పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మెరిసేసరికి 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఎక్కువమంది పిల్లలే. మన గేమింగ్ ఫోన్ వీడియోల ఇంట్రోలు ఒకసారి ఈ కళ్లతో చూడండి.

‘తప్పనిసరి’ అన్న మాటకు ఉన్న పవర్

2011లో అమెరికాలో బధిరుల జాతీయ సంఘం నెట్‌ఫ్లిక్స్ మీద కోర్టుకు వెళ్లింది. స్ట్రీమింగ్‌లో చాలా సినిమాలకు క్యాప్షన్లు లేవన్నది ఫిర్యాదు. ఆ దేశపు వికలాంగుల చట్టం 1990 నాటిది. అది దుకాణాలకు, హోటళ్లకు, థియేటర్లకు వర్తిస్తుంది గానీ వెబ్‌సైట్‌కు ఎలా వర్తిస్తుంది అన్నది కంపెనీ వాదన. మసాచుసెట్స్‌లోని ఫెడరల్ కోర్టు 2012లో ఆ వాదనను ఒప్పుకోలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో రెండు పక్షాలూ ఒప్పందానికి వచ్చాయి. 2014 కల్లా స్ట్రీమింగ్‌లో ఉన్న కంటెంట్ మొత్తానికి, అంటే నూటికి నూరు శాతం, క్యాప్షన్లు పెడతామని నెట్‌ఫ్లిక్స్ ఒప్పుకుంది. ఈరోజు ఆ యాప్ తెరిస్తే క్యాప్షన్లు ఉండటం మనకి మామూలు విషయం. దాని వెనక ఒక కేసు ఉంది.

ఇదే కథలో ఇంకో ముక్క. ఆ ఒప్పందంలో ఆడియో డిస్క్రిప్షన్ లేదు. 2015 ఏప్రిల్‌లో ‘డేర్‌డెవిల్’ సిరీస్ విడుదలైంది. హీరో చూపు లేని లాయర్. ఆ సిరీస్‌ని చూపు లేనివాళ్లే ఫాలో అవ్వలేని పరిస్థితి. విమర్శలు గట్టిగా వచ్చాక, విడుదలైన కొద్ది రోజులకే నెట్‌ఫ్లిక్స్ ఆడియో డిస్క్రిప్షన్ మొదలుపెట్టింది. అంటే చేయగలిగిన పనే. అడిగేదాకా, లేదా కోర్టు దాకా పోయేదాకా జరగలేదు.

గ్యాడ్జెట్ల విషయానికి వస్తే 2010లో అమెరికా ఇంకో చట్టం చేసింది. టీవీలో క్యాప్షన్లతో వచ్చిన కార్యక్రమాన్ని ఇంటర్నెట్‌లో పెడితే అక్కడా క్యాప్షన్లు ఉండాలి. వీడియో ఆడించే పరికరాలు కూడా క్యాప్షన్లు చూపించగలగాలి. 13 అంగుళాల కంటే చిన్న స్క్రీన్లకు, అంటే ఫోన్లకూ ట్యాబ్‌లకూ, సాధ్యమైన మేరకు ఇది వర్తిస్తుంది. మీ ఫోన్ సెట్టింగ్స్‌లో క్యాప్షన్ల అక్షరాల సైజు, రంగు, వెనక నలుపు ఎంత ఉండాలి అని మార్చుకునే పేజీ ఉంటుంది కదా, అలాంటి ఆప్షన్లు ఉండాలని అక్కడి నియమాలే చెబుతాయి.

యూరప్ ఇంకాస్త ముందుకు వెళ్లింది. 2025 జూన్ 28 నుంచి యూరోపియన్ యాక్సెసిబిలిటీ యాక్ట్ అమల్లోకి వచ్చింది. స్మార్ట్‌ఫోన్లు, కంప్యూటర్లు, ఈ-రీడర్లు, ఆన్‌లైన్ షాపింగ్, వీడియో సర్వీసుల యాప్‌లు అన్నీ దాని కిందికి వస్తాయి. బ్రిటన్ 2024 మీడియా చట్టంలో పెద్ద వీడియో సర్వీసులకు ఏకంగా అంకెలే రాసింది. కంటెంట్‌లో 80 శాతానికి సబ్‌టైటిల్స్, 10 శాతానికి ఆడియో డిస్క్రిప్షన్, 5 శాతానికి సైన్ లాంగ్వేజ్. అందుకు గడువు కూడా ఇచ్చింది. అంకె ఉంటేనే లెక్క అడగగలం. స్పెక్ షీట్ చదివే మనకి ఈ సంగతి వేరే చెప్పాలా?

మరి మన దగ్గర ఏముంది?

మన దగ్గర చట్టం లేదనుకోకండి. బానే ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందులో 42వ సెక్షన్ చదివితే ఆశ్చర్యపోతారు. ఆడియో, ప్రింట్, ఎలక్ట్రానిక్ మీడియాలో ఉన్నదంతా అందరికీ అందే రూపంలో ఉండేలా, ఎలక్ట్రానిక్ మీడియాలో ఆడియో డిస్క్రిప్షన్, సైన్ లాంగ్వేజ్, క్లోజ్డ్ క్యాప్షన్లు ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి. రోజూ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు కూడా అందరూ వాడగలిగే డిజైన్‌తో దొరకాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా.

2023లో ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణాన్ని కూడా ఈ చట్టం నియమాల్లో చేర్చారు. వెబ్‌సైట్లు, యాప్‌లు, హార్డ్‌వేర్ ఎలా ఉండాలో, వీడియో ప్లేయర్‌లో క్యాప్షన్లు, ఆడియో డిస్క్రిప్షన్ ఎలా పనిచేయాలో చెప్పే ప్రమాణం అది. ఫోన్ బాక్స్ మీద బీఐఎస్ గుర్తు వెతుకుతాం కదా, ఆ సంస్థే దీన్ని తయారుచేసింది.

ఇంతా ఉండి సమస్య ఎక్కడ? అమలులో. పైగా, నియమాలు రాసిన తీరులో. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరి కేసులో సరిగ్గా ఈ విషయాన్నే పట్టుకుంది. యాక్సెసిబిలిటీ నియమాల్లో 15(1) చాలావరకు సలహాల్లాగే ఉందని, చట్టం తప్పనిసరి అంటుంటే నియమం మాత్రం ఇష్టమైతే చేయండి అన్నట్టు ఉండటం కుదరదని తేల్చి, దాన్ని చట్టానికి విరుద్ధంగా ప్రకటించింది. తప్పక పాటించాల్సిన కనీస ప్రమాణాలను మూడు నెలల్లో విడిగా తయారుచేయమని కేంద్రానికి చెప్పింది. మనకి ఇందులో ఒక దగ్గరి లింక్ ఉంది. దేశంలో యాక్సెసిబిలిటీ పరిస్థితి మీద కోర్టు ఆధారపడిన నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రమే.

సినిమాల విషయంలో కొంత కదలిక ఉంది. 2023 జనవరిలో ‘పఠాన్’ విడుదలకు ముందు ఢిల్లీ హైకోర్టులో కేసు పడింది. ఓటీటీ విడుదలకు హిందీలో ఆడియో డిస్క్రిప్షన్, క్లోజ్డ్ క్యాప్షన్లు, సబ్‌టైటిల్స్ సిద్ధం చేయమని కోర్టు నిర్మాణ సంస్థను ఆదేశించింది. ఆ తర్వాత 2024 మార్చి 15న కేంద్ర సమాచార, ప్రసార శాఖ థియేటర్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి కంటే ఎక్కువ భాషల్లో సెన్సార్ అయ్యే సినిమాలకు ఆరు నెలలు, మిగతావాటికి రెండేళ్ల గడువు. వినిపించనివాళ్లకు కనీసం ఒకటి, చూపు లేనివాళ్లకు కనీసం ఒకటి చొప్పున సౌకర్యం ఉండాలి.

ఒకటి కంటే ఎక్కువ భాషలు అంటే ఏంటి? పాన్ ఇండియా సినిమాలు. అంటే ఆ మొదటి వరుసలో నిలబడింది మన టాలీవుడ్డే.

ఓటీటీలకు వస్తే మళ్లీ పాత కథే. 2021 ఐటీ నియమాల్లో యాక్సెసిబిలిటీ గురించి ఒక వాక్యం ఉంది. వైకల్యం ఉన్నవాళ్లకు కంటెంట్ అందేలా ‘సాధ్యమైనంత మేరకు’ తగిన చర్యలు తీసుకోవాలట. ఎంత మేరకు? ఎప్పటిలోగా? ఏ భాషలో? ఏదీ లేదు. కోరల్లేని పాము. 2025 అక్టోబర్‌లో ఓటీటీల కోసం విడిగా ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసి కేంద్రం అభిప్రాయాలు అడిగింది. మంచి అడుగే. నేను కోరేది ఒకటే. చివరికి మనం పాటించే రూల్‌లో గడువు, శాతం, జరిమానా, భాష నాలుగూ స్పష్టంగా ఉండాలి.

భాష అని ఎందుకు అంటున్నానంటే, మీ ఫోన్‌లో ఏదైనా తెలుగు సినిమా తీసి చూడండి. చాలావాటికి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి. తెలుగులో క్యాప్షన్లు ఉన్నవి వెతుక్కోవాలి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో తెలుగు మీడియంలో చదువుకున్న, వినికిడి లేని మనిషికి తెలుగు సినిమా ఇంగ్లిష్‌లో చదువుకోమంటున్నాం.

ఇది ఎవరి సమస్య?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్లు. వినికిడి సమస్య ఉన్నవాళ్లు 50 లక్షలకు పైగా, చూపు సమస్య ఉన్నవాళ్లు కూడా 50 లక్షలకు పైగా. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వైకల్యం ఉన్నవాళ్లు 22 లక్షలకు పైగా ఉన్నారు. వయసుతో వినికిడి తగ్గిన మన తాతలు, నానమ్మలు చాలామంది ఈ లెక్కలోకి రాకపోయి ఉండొచ్చు కూడా.

అంకెలు పక్కన పెట్టి ఒక మనిషి గురించి చెబుతాను. మా పిన్ని కొడుకు చిన్నప్పటి నుంచి వినలేడు. గుంటూరులో ఒక మొబైల్ రిపేర్ షాపులో పని చేస్తాడు. చేయి చాలా నీట్‌గా ఉంటుంది. కొత్త మోడల్ ఏదైనా వస్తే దాన్ని ఎలా విప్పాలో నేర్చుకోవడానికి వాడికున్న ఒకే దారి వీడియోలు. తెలుగు టియర్‌డౌన్ వీడియోలు వాడి భాషలోవే. కానీ క్యాప్షన్లు ఉండవు. అందుకని క్యాప్షన్లు ఉన్న ఇంగ్లిష్ వీడియోలు చూస్తూ, అర్థం కాని పదాలు నాకు వాట్సాప్‌లో పంపిస్తుంటాడు.

ఒకసారి ఒక తెలుగు వీడియో లింక్ పంపి, “అన్నా, ఈయన ఇక్కడ 40 సెకన్లు ఆగి కెమెరా వైపు చూసి ఏదో చెప్పాడు. ఏంటది?” అని అడిగాడు. విని టైప్ చేశాను. స్క్రీన్ ఎడమ అంచు కింద ఫ్లెక్స్ కేబుల్ ఉంది, అటువైపు నుంచి ఓపెనర్ లోపలికి పెట్టొద్దు అని చెబుతున్నాడు ఆయన. నా మెసేజ్ చూసి వాడు ఒక ఫోటో పెట్టాడు. అప్పటికే తెగిపోయిన ఫ్లెక్స్. కస్టమర్ ఫోన్. విడిభాగానికి అయిన 2,800 రూపాయలు వాడి జీతంలోంచి పోయాయి.

ఆ వీడియో చేసినాయన తప్పు అని నేను అనను. ఆయన మంచి సలహాయే ఇచ్చాడు, ఉచితంగా ఇచ్చాడు. ఆ సలహా అవసరమైన మనిషికి చేరే ఏర్పాటు మాత్రం లేదు. క్యాప్షన్లు అంటే వినోదం కోసం అనుకునేవాళ్లకు ఇదే నా జవాబు. ఇప్పుడు చదువు వీడియోలో ఉంది, పని నేర్చుకోవడం వీడియోలో ఉంది, బ్యాంకు కేవైసీ కూడా వీడియోలోకి వచ్చింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఆ కేవైసీ మీదే ఒక తీర్పు ఇచ్చింది. కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపించమంటే చూపు లేనివాళ్లు, యాసిడ్ దాడి బాధితులు ఏం చేయాలన్నది అక్కడి ప్రశ్న. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమే అని కోర్టు చెప్పింది.

‘ఆటో క్యాప్షన్లు ఉన్నాయి కదా బ్రో!’

ఈ మాట చాలాసార్లు విన్నాను. యూట్యూబ్ 2009లోనే ఇంగ్లిష్‌కి ఆటో క్యాప్షన్లు మొదలుపెట్టింది. 2019లో పిక్సెల్ 4తో గూగుల్ లైవ్ క్యాప్షన్ తెచ్చింది, ఏ వీడియో ఆడుతున్నా ఫోనే విని రాసి చూపిస్తుంది. అద్భుతమైన ఫీచర్. కానీ అది కూడా మొదలైంది ఇంగ్లిష్‌తోనే. టెక్నాలజీ బాగుపడుతోంది, కాదనను. అయినా తెలుగు విషయంలో దాన్ని మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో చూడండి.

మొదటిది, మనం మాట్లాడేది సగం తెలుగు, సగం ఇంగ్లిష్. ‘దీంట్లో రిఫ్రెష్ రేట్ అడాప్టివ్ కాదు మామా’ అని మనం అంటే, మెషీన్ ఏ భాషలో వినాలో దానికే అర్థం కాదు. చిప్‌సెట్ పేర్లు, మోడల్ నంబర్లు, ధరలు తప్పుతాయి. రివ్యూలో పనికొచ్చే ముక్కలు సరిగ్గా అవే.

రెండోది ఇంకా ముఖ్యం. తెలుగులో ‘వద్దు’ అనే అర్థం ఒక్కోసారి ఒక్క అక్షరంలో ఉంటుంది. ‘బ్యాటరీ కనెక్టర్ ఊడదీయకుండా డిస్‌ప్లే ఫ్లెక్స్ ముట్టుకోకండి’ అన్న వాక్యం తీసుకోండి. చివర్లో ఆ ఒక్క ‘క’ ఎగిరిపోతే ‘ముట్టుకోండి’ అవుతుంది. విన్నవాడికి జాగ్రత్త, చదివినవాడికి షార్ట్ సర్క్యూట్.

అమెరికాలో ఇదే గొడవ హార్వర్డ్, ఎంఐటీల మీద 2015లో కేసుగా మారింది. ఆన్‌లైన్ పాఠాలకు క్యాప్షన్లు లేవు, కొన్నింటికి ఉన్నా అవి అర్థమయ్యేలా లేవు అని బధిరుల సంఘం కోర్టుకు వెళ్లింది. 2019 చివర్లో హార్వర్డ్, 2020 మొదట్లో ఎంఐటీ సరైన క్యాప్షన్లు పెడతామని ఒప్పందం చేసుకున్నాయి. ఆటో క్యాప్షన్లు చిత్తు ప్రతి లాంటివి. దాన్ని ఒక మనిషి దిద్దితేనే అది క్యాప్షన్ అవుతుంది.

చట్టం బిగిస్తే చిన్న ఛానెళ్లు మూతపడవా?

ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నిజంగా జరిగిన ఉదాహరణే ఉంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ వేల కొద్దీ లెక్చర్ వీడియోలను అందరికీ ఉచితంగా పెట్టింది. వాటిలో చాలావాటికి సరైన క్యాప్షన్లు లేవని 2016లో అమెరికా న్యాయశాఖ తప్పుబట్టింది. యూనివర్సిటీ ఏం చేసింది? 2017లో 20,000కు పైగా వీడియోలను పబ్లిక్‌కు కనిపించకుండా తీసేసింది. వినిపించనివాళ్లకు లాభం లేదు, వినిపించేవాళ్లకూ పోయింది. వ్యవసాయం గురించో, మొబైల్ రిపేర్ గురించో ఒక్కడే కూర్చుని వీడియోలు చేసే మన కుర్రాడి మీద రేపటి నుంచి జరిమానా అంటే ఇక్కడా అదే జరుగుతుంది.

అందుకే బరువు ఎవరు మోయగలరో వాళ్ల మీద ముందు పెట్టాలి. యూరప్ చట్టం సేవలు అందించే అతి చిన్న సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. పది మంది కంటే తక్కువ ఉద్యోగులు, ఏడాదికి 20 లక్షల యూరోలు దాటని టర్నోవర్ ఉంటే దాని సేవల బాధ్యతలు వాళ్లకు వర్తించవు. నా దృష్టిలో మన దగ్గర క్రమం ఇలా ఉండాలి.

మొదట ప్రభుత్వ వీడియోలు. మన పన్నులతో తీసే పథకాల వీడియోలు, ఆన్‌లైన్ పాఠాలు, విపత్తు హెచ్చరికలకు తెలుగు క్యాప్షన్లు, సైన్ లాంగ్వేజ్ వెంటనే తప్పనిసరి చేయాలి. తుఫాను హెచ్చరికకు ‘వీలైతే’ అనే మాట కుదరదు.

తర్వాత ఓటీటీలు, పెద్ద నిర్మాణ సంస్థలు. కోట్లు పెట్టి తీసే సినిమాకి క్యాప్షన్ల ఖర్చు ఎంత? పైగా డబ్బింగ్ కోసం డైలాగ్ స్క్రిప్ట్ ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. సినిమా ఏ భాషలో తీశారో ఆ భాషలోనే క్యాప్షన్లు ఉండాలని రూల్‌లో రాయాలి.

మూడోది ప్లాట్‌ఫారమ్‌లు. క్రియేటర్‌కి పనిముట్లు ఇవ్వడం వాళ్ల బాధ్యత కావాలి. 2020 సెప్టెంబర్ వరకు యూట్యూబ్‌లో ఒక ఫీచర్ ఉండేది. క్రియేటర్ అనుమతిస్తే చూసేవాళ్లే క్యాప్షన్లు రాసి పంపొచ్చు. వాడేవాళ్లు తక్కువ, స్పామ్ ఎక్కువ అని దాన్ని తీసేశారు. బధిర క్రియేటర్లు గట్టిగానే అడ్డుచెప్పినా ఫలితం లేదు. తెలుగు లాంటి భాషలకు అలాంటి ఫీచరే పెద్ద ఆసరా. అలాంటివి తీసేసే ముందు వైకల్యం ఉన్నవాళ్లకు కలిగే నష్టాన్ని లెక్కగట్టి, బదులు దారి చూపించాలని నియమం ఉండాలి.

చివర్లో పెద్ద ఛానెళ్లు. లక్షల సబ్‌స్క్రైబర్లు, స్పాన్సర్లు, ఎడిటింగ్ టీమ్ ఉన్నవాళ్లకు గడువు ఇచ్చి, ముందు కొత్త వీడియోలకు మాత్రమే తప్పనిసరి చేయాలి. పాత వీడియోలు తవ్వి తీయమంటే బర్క్‌లీ కథే రిపీట్ అవుతుంది. చిన్న ఛానెళ్లకు జరిమానా వద్దు, ప్రోత్సాహం చాలు.

చట్టం వచ్చేలోపు మన చేతిలో ఏముంది?

వీడియోలు చేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ప్రాక్టికల్‌గా మాట్లాడుకుందాం. స్క్రిప్ట్ రాసుకుని చదివేవాళ్లైతే ఆ టెక్స్ట్‌ని అప్‌లోడ్ చేసి టైమింగ్ కుదుర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. స్క్రిప్ట్ లేకపోతే ఆటో క్యాప్షన్లు తెప్పించుకుని దిద్దండి. పది నిమిషాల వీడియోకి నాకు సుమారు 40 నిమిషాలు పడుతుంది. థంబ్‌నెయిల్‌కి మనం పెట్టే టైమ్ కంటే ఎక్కువేమీ కాదు. ఎస్‌ఆర్‌టీ ఫైల్ మామూలు నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అంకెలు, మోడల్ పేర్లు, ‘వద్దు, కాదు, రాదు’ అన్న చోట్లు మాత్రం రెండుసార్లు చూసుకోండి.

చూపు లేనివాళ్ల కోసం పైసా ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. ‘ఇదిగో చూడండి, పోర్ట్ ఇక్కడుంది, బటన్ ఇటుంది’ అనే బదులు ‘టైప్-సీ పోర్ట్ కింది అంచు మధ్యలో ఉంది, దాని కుడి పక్కన స్పీకర్’ అనండి. కెమెరా శాంపిల్ చూపిస్తూ ‘చూశారుగా, ఎలా వచ్చిందో’ అని ఊరుకోకుండా, ఏం ఫోటో, ఎక్కడ మసకబారింది అని చెప్పండి. విడిగా ఆడియో డిస్క్రిప్షన్ అవసరం చాలావరకు తగ్గిపోతుంది. ఫోన్ జేబులో పెట్టుకుని రివ్యూ వినేవాళ్లకూ ఇదే పనికొస్తుంది. ఇంట్రోలో స్ట్రోబ్ మెరుపులు తీసేయండి.

ఫోన్లు కొనేవాళ్లుగా, రివ్యూలు చదివేవాళ్లుగా కూడా మన దగ్గర ఒక పవర్ ఉంది. బెజెల్ అర మిల్లీమీటర్ ఎక్కువుంటే కంపెనీని వారం రోజులు ఆడుకుంటాం. అదే పట్టుదలతో ఈ ప్రశ్నలు అడుగుదాం. లైవ్ క్యాప్షన్ తెలుగులో పనిచేస్తుందా? టాక్‌బ్యాక్ తెలుగు గొంతు స్పష్టంగా ఉందా? క్యాప్షన్ల సైజు మార్చే సెట్టింగ్ ఎన్ని ట్యాప్‌ల దూరంలో ఉంది? లాంచ్ ఈవెంట్ స్ట్రీమ్‌కి క్యాప్షన్లు ఉన్నాయా? వీటికి జవాబులు స్పెక్ షీట్‌లో దొరకవు, వాడి చూసి రాయాలి. నా రివ్యూల స్కోర్ పట్టికలో ఈ నెల నుంచి కెమెరా, బ్యాటరీ, పర్ఫార్మెన్స్ పక్కన యాక్సెసిబిలిటీ అని ఒక వరుస ఉంటుంది. దానికీ మార్కులు ఉంటాయి, అవి మొత్తం స్కోర్‌లో కలుస్తాయి. ఫ్లాగ్‌షిప్ అయినా సరే, అందులో సున్నా వస్తే సున్నా అనే రాస్తాను.